ఈనిన గేదె ముర్రుపాలు – దూడ ప్రేగు



నేను పైరుపంటల సంగతి చెప్పవలసినవాడను. అయినను పాడి లేని సేద్యము లేదు గదా! దూడ చచ్చిన గేదె సరిగా చేపదని మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత నేడు దూడ ప్రేగును గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని.

మనిషి బిడ్డకు రోగముల నెదుర్కొను శక్తి కొంత గర్భములోనే మాయ ద్వారా అందును. ఆవు, గేదెల మాయ ఆ రక్షక పదార్థములను దాటనీయదు. కాబట్టి దూడ పుట్టునప్పుడు దాని రక్తములో ఆ శక్తి దాదాపు శూన్యము. తల్లి దానిని ముర్రుపాలలో ఇచ్చును.

పెద్ద పశువు ప్రేగు మాంసకృత్తులను ముక్కలు చేసిన పిమ్మటనే లోనికి తీసికొనును. అప్పుడే పుట్టిన దూడ ప్రేగు అట్లు కాదు. ముర్రుపాలలోని రక్షక మాంసకృత్తులను ఉన్నవి ఉన్నట్లే రక్తములోనికి పోనిచ్చును. కాని ఈ వాకిలి ఎంతోసేపు తెరచియుండదు. మొదటి గంటలలో బాగుగా తెరచియుండి, గంట గంటకు సన్నగిల్లి, సుమారు 24 గంటలకు మూసికొనును. ఆ తరువాత ఎన్ని ముర్రుపాలు పట్టినను ఆహారమగును, ప్రేగులో కొంత కాపాడును. రక్తమునకు మాత్రము రక్షణ చేరదు.

మరి మన పల్లెలలో ఏమి జరుగుచున్నది? మాయ పడనిదే దూడను విడువరాదని పలువురు కట్టివేయుదురు. మాయ పడుటకు ఎనిమిది గంటలు పట్టవచ్చును. దూడకు అక్కరయైన కాలమంతయు అందులోనే పోవును! నిజమునకు దూడ కుడుచుటవలన గర్భసంచి ముడుచుకొని మాయ పడుటకు సాయమే కలుగును.

తెరచిన వాకిలిలో చెడ్డవియు దూరగలవు. పేడ అంటిన పొదుగును దూడ నాకినచో ముర్రుపాలకంటె ముందు సూక్ష్మజీవులు చేరును. పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, రెండు ధారలు పిండి పారబోసి, గంట లోపల దూడను విడువవలెను.

దూడ బరువులో పదియవ వంతు ముర్రుపాలు మొదటి రోజున పట్టవలెను. 30 కిలోల దూడకు 3 లీటర్లు. అందులో సగము మొదటి రెండు గంటలలోనే. లేవలేని దూడకు పిండిన వేడి ఆరకముందే సీసాతో నిదానముగా పట్టండి. కాచరాదు. కాచినప్పుడు గడ్డకట్టువానిలో ఆ రక్షక మాంసకృత్తులును ఉన్నవి. మనము జున్నని తినునది వానినే! ఇంటిలో పిల్లలు జున్నుకై ఎదురుచూతురు, నిజమే. వారికి మరునాటి పాలతో వండిపెట్టవచ్చును.

తల్లి చనిపోయినచో ఊరిలో ఆనాడే ఈనిన మరియొక గేదె ముర్రుపాలు అడిగి తెచ్చి పట్టండి. గేదెవి దొరకనిచో ఆవువైనను మేలే. బొడ్డుకు టింక్చరు అయొడిను పూయుట మరువకండి. సూక్ష్మజీవులకు అది రెండవ దారి.