విల్లు చేపట్టే ముందు

(ఎడిసన్‌లో సాంస్కృతికోత్సవ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో పిల్లలు విల్లు మాట మొదట వినేది శివధనుర్భంగం కథలో. అందుచేత కాబోలు, విలువిద్య అంటే కండబలమనే అభిప్రాయం వారికి కలుగుతుంది. నేర్చుకునే పద్ధతి దీనికి విరుద్ధం. తేలికైన విల్లుతోనే మొదలుపెట్టాలి. విల్లు బిగువును పౌన్లలో చెబుతారు. పది పన్నెండేళ్ళ పిల్లలకు 10 నుంచి 20 పౌన్ల లోపుది చాలు. అంతకు మించితే భుజం నొస్తుంది, గురీ చెడుతుంది.

ముందుగా మన ప్రధాన నేత్రం ఏదో తెలుసుకోవాలి. చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరాన ఉన్న వస్తువును అందులోంచి చూడండి. ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను తెరచినప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే ప్రధాన నేత్రం. కుడి కన్నయితే నారిని కుడిచేత్తో లాగాలి. అర్జునుడు రెండు చేతులా లాగగలడు గనుక సవ్యసాచి అయినాడు. మనకు ఒక చెయ్యి కుదిరితే చాలు.

పరికరాలు విల్లు, నారి, అమ్ములు, అంపపొది. నారి దెబ్బ తగలకుండా ముంజేతికి కాపు, లాగే వేళ్ళకు తోలు ముక్క ఉండాలి. అమ్ము మనం లాగే దూరం కన్న పొడవుగా ఉండాలి. పొట్టిదైతే వెనక్కి జారి చేతికే ప్రమాదం.

లక్ష్యానికి పక్కవాటుగా, పాదాలు భుజాలంత ఎడంగా నిలబడాలి. చూపుడువేలు అమ్ముకు పైన, తరువాతి రెండు వేళ్ళు కింద నారిపై ఉంచాలి. విల్లును పిడికిలి బిగించి పట్టరాదు. వీపు కండరాలతో లాగి, చేతిని ప్రతిసారీ దవడ కింద ఒకే చోట ఆనించాలి. ఆ చోటు మారితే గురి మారినట్టే. వేళ్ళు సడలించి వదిలాక, అమ్ము తగిలేదాకా విల్లు దించరాదు.

అమ్ము లేకుండా నారి లాగి వదలరాదు. అమ్ముకు పోవలసిన శక్తి విల్లుకే తగిలి అది విరగవచ్చు. మైదానంలో ఈలలు గుర్తుంచుకోండి. రెండు ఈలలైతే గీత వద్దకు రావాలి. ఒకటైతే వేయవచ్చు. మూడైతే ఆపి, అమ్ములు తెచ్చుకోవాలి. ఐదు వినబడితే ప్రమాదం, తక్షణం ఆగాలి.

మన బెజవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం పొందాడు. సురేఖ వేసేది కప్పీలున్న కాంపౌండ్ విల్లు, దూరం 50 మీటర్లు. ధీరజ్‌ది కొనలు వెనక్కి వంగిన రికర్వ్ విల్లు, దూరం 70 మీటర్లు.

ఈ నేలకూ విల్లు కొత్త కాదు. మన్‌హాటన్ అనే పేరుకు లెనాపే భాషలో విల్లుకర్ర దొరికే చోటని భాషావేత్తలు ఒక అర్థం చెబుతారు.

మన పిల్లలు విల్లు పడుతున్నారు గాని నారి, అమ్ము, అంపపొది అనే మాటలు ఎరుగరు. తాతయ్యలకు, అమ్మమ్మలకు మాటలు తెలుసు గాని విల్లు పట్టి ఎరుగరు. ఈసారి వారినీ మైదానానికి వెంటబెట్టుకు వెళ్ళండి. పిల్లలు వస్తువు చూపిస్తారు, పెద్దలు పేరు చెబుతారు.

సెలవు.