మీనా రెండో భాగం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. డీఏల గురించీ, బకాయిల గురించీ నాకంటే బాగా చెప్పగల వక్తలు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మాస్టారూ, మీరు కాస్త తేలికపాటి విషయం మాట్లాడండి" అని ఆదేశించారు. అందుచేత ఒక ప్రేమ నవల గురించి మాట్లాడదలచుకున్నాను. వెనక వరసలో నవ్వులు వినిపిస్తున్నాయి. ఫరవాలేదు, నవ్వండి. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వినవాణ్ణి. ఆ నవ్వుకి సంజాయిషీ ఇచ్చుకోవడానికే ఇవాళ నిలబడ్డాను.

ఆ నవల యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా'. ఆవిడది మన కృష్ణా జిల్లాలోని కాజ గ్రామం. 1940లో పుట్టారు. 2018 మే నెలలో అమెరికాలో కాలం చేశారు. 'సెక్రటరీ', 'జీవన తరంగాలు', 'విజేత', 'ఆరాధన' వంటి ఆవిడ నవలలు చదవని ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. చదవడం తెలియని వాళ్లు సినిమాలుగా చూశారు. 'మీనా' కూడా 1973లో సినిమాగా వచ్చింది. విజయనిర్మలగారు తెలుగులో దర్శకత్వం వహించిన మొదటి చిత్రం అదే. ఆవిడే కథానాయిక, కృష్ణగారు కథానాయకుడు.

కథ క్లుప్తంగా చెబుతాను. పట్నంలో కలిగినవారింట పుట్టిన పిల్ల మీనా. తల్లిది గట్టి పెత్తనం, తండ్రిది మెత్తని స్వభావం. ఆ పిల్ల ఒకసారి పల్లెటూళ్లో మేనమామ ఇంటికి వెళుతుంది. అక్కడ సేద్యం చేసుకునే బావ కృష్ణ ఉంటాడు. పల్లె నచ్చుతుంది, ఆ ఇంటి మనుషులు నచ్చుతారు, తర్వాత బావ నచ్చుతాడు. తల్లి మనసులో వేరే గొప్ప సంబంధం ఉంది. ఇంతే కథ. హత్యలు లేవు, కత్తులు లేవు. చమత్కారాలు, చిరుకోపాలు, అలకలు, వంటింటి కబుర్లు.

ఇక నా సంగతి. నేను సర్వీసులో చేరింది 1970లో, ఎల్.డి.సి.గా. 1972లో పెళ్లయింది. గుడివాడలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. అదే వసారాలో మరి మూడు వాటాలు. వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అయిదు రూపాయలు డిపాజిట్ కడితే రోజుకు పది పైసలకు నవల ఇచ్చేవాడు. నేను కాపురానికి తెచ్చుకున్న మనిషి వచ్చిన నెలలోనే ఆ కొట్లో ఖాతా తెరిచింది.

మధ్యాహ్నం గిన్నెలు తోముకున్న తర్వాత, మళ్లీ కుళాయి వచ్చేలోపు, నలుగురు ఆడవాళ్లు వసారాలో కూర్చునేవారు. మా ఆవిడ పైకి చదివేది, మిగిలినవారు బియ్యం ఏరుకుంటూ వినేవారు. వాళ్లలో పక్కవాటా ముసలావిడకు అక్షరం ముక్క రాదు. అందరూ ఆవిణ్ణి పిన్నిగారనేవారు. 'మీనా' మొదలుపెట్టాక పిన్నిగారు పన్నెండు గంటలకే వచ్చి కూర్చునేవారని తర్వాత విన్నాను.

నాకది గిట్టేది కాదు. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు, మేడ. ఇవి చదివి ఆడవాళ్లు పగటికలలు కంటున్నారని ఆఫీసులో మేమంతా తీర్మానించుకున్నాం. ఆ రోజుల్లో పత్రికల్లోనూ ఈ మాట తరచు కనిపించేది. ఆ నవలల గిరాకీ చూసి మగవాళ్లు కూడా ఆడ పేర్లు పెట్టుకుని రాశారన్నది వేరే సంగతి.

అప్పుడే ఆంధ్రా ప్రాంతంలో ఎన్జీవోల సమ్మె వచ్చింది. మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1972 డిసెంబరు నుంచి 1973 మార్చి దాకా 108 రోజులు. జీతాలు లేవు. కొట్టువాడి అరువు మీద బతికాం. ఫిబ్రవరిలో ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి చారు మాడు వాసన వస్తోంది, ఆవిడ చేతిలో పుస్తకం ఉంది. మరి మాట్లాడకుండా ఆ పుస్తకం లాక్కుని, కొట్టుకు వెళ్లి, ఖాతా మూయించి, డిపాజిట్ అయిదు రూపాయలు వెనక్కు తెచ్చాను. "జీతాలు లేని రోజుల్లో నవలలా?" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ అయిదు రూపాయలకు కిరసనాయిలు, కందిపప్పు వచ్చిన మాట నిజమే. కాని ఇవాళ మీ ముందు నిజం ఒప్పుకోవాలి. డబ్బు ఒక సాకు. సమ్మె లేకపోయినా నేను ఆ పనే చేసేవాణ్ణి.

మళ్లీ జీతాలు వచ్చాయి, బదిలీలు అయ్యాయి, పిల్లలు పుట్టారు. ఆవిడ మళ్లీ ఏ పుస్తకాల కొట్టులోనూ ఖాతా తెరవలేదు. నేను తెరవమని అననూ లేదు.

2016లో 'అ ఆ' సినిమా వచ్చింది. మా మనవరాలు చూసి వచ్చి, భోజనాల దగ్గర కథ చెబుతోంది. సగం చెప్పగానే మా ఆవిడ "ఆగవే, ఇది మా మీనా కథ కదూ!" అంది. ఆ పోలిక గురించి అప్పుడు లోకమంతా చర్చ జరిగింది లెండి. మనవరాలు "నీకు ఆ నవల మొత్తం తెలుసా నానమ్మా?" అని అడిగింది. "మొదటి భాగమే తెలుసు. రెండో భాగం నా చేతికి రాలేదు" అంది. గుడివాడ కొట్లో ఆ నవల రెండు భాగాలుగా ఉండేది. నేను లాక్కెళ్లింది మొదటి భాగం ఆఖరి పేజీల దగ్గర. నలభై మూడేళ్ల తర్వాత కూడా ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. నా వంక చూడను కూడా లేదు. మజ్జిగ వడ్డించింది. నాకు ఆ మజ్జిగ గొంతు దిగలేదు.

2017 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి 'మీనా' కొన్నాను. తీరా తెస్తే ఆవిడ కళ్లు సన్న అక్షరాలకు ఆనడం లేదు. "మీరే చదవండి" అంది. ఆవిధంగా జీవితంలో మొదటిసారి ఒక ప్రేమ నవల చేతపట్టి, రోజూ సాయంత్రం వసారాలో పైకి చదివాను. చదువుతూ ఉంటే సిగ్గు వేసింది. నేను ఆక్షేపించిన కారూ మేడా ఇందులో ఉన్నవి ఆడపిల్ల వైపు. మగవాడికి ఉన్నది పొలం, బురద, ఆత్మాభిమానం. ఆ పిల్ల మేడ వదిలి పొలం గట్టుకు రావాలనుకునే కథ ఇది. నేను ఫైలు తెరిచి చూడకుండానే రిమార్కు రాసేశాను. ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే మెమో ఇచ్చేవాళ్లం.

సగంలో ఉండగా ఆవిణ్ణి అడిగాను: "మరి ఆ రోజుల్లో మిగిలిన వాళ్లకు ఏం చెప్పావు?" అని. నవ్వింది. పిన్నిగారు రోజూ వచ్చి "తర్వాతేమైందమ్మా?" అని అడిగేవారట. మొగుడు పుస్తకం లాక్కున్నాడని చెప్పుకోలేక, ఆవిడే రెండో భాగం కల్పించి చెప్పిందట, పది రోజులు. ఆవిడ కథలో మీనా పెళ్లికి తల్లి రాదు. ఏడాది తిరిగాక ఆ తల్లి ఒక్కతే బస్సు దిగి, పుట్టింటి గుమ్మంలో కాళ్లు కడుక్కుని, "వదినా, ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంటుంది.

అది విని పిన్నిగారు చాలాసేపు కూర్చుండిపోయారట. ఆవిడకు పుట్టింటితో ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు. మర్నాడు ఒక కార్డు కొనుక్కొచ్చి, మా ఆవిడ చేత అన్నగారికి ఉత్తరం రాయించుకున్నారట. జవాబు వచ్చిందో లేదో చూసే లోపల మాకు బదిలీ అయింది. ఆ వసారాలో ఇంత జరిగితే, అదే ఇంట్లో ఉన్న నాకు తెలిసింది చారు మాడిందన్న సంగతి ఒక్కటే.

తర్వాత ఈ నవలను మన సంఘ భవనంలో రెండో శనివారాల్లో చదివి వినిపించాం. వచ్చినవాళ్ల అభిప్రాయాలు మీకు చెప్పాలి. రెవెన్యూలో చేసిన మిత్రులొకరు "అంతా బాగుంది గాని, సేద్యంలో నష్టం వచ్చిన ఏడు ఆ పిల్ల ఏం చేస్తుంది?" అని అడిగారు. కౌలు లెక్కలు చూసిన మనిషికి రావలసిన సందేహమే. టీచరుగా రిటైరైన సోదరి ఒకరు "ఆ తల్లిని అందరూ తిడుతున్నారు, ఇల్లు నిలబెట్టింది ఆవిడే కదా" అన్నారు. మా మనవరాలి అభిప్రాయం వేరు. "కృష్ణకు ఆత్మాభిమానం ఎక్కువైంది తాతయ్యా. ఎప్పుడూ ఆ అమ్మాయే సర్దుకోవాలా?" అంది. ఒక పెద్దాయన మాత్రం అన్ని వారాలూ వచ్చి ఏమీ అనలేదు. ఆఖరి రోజున "మా ఇంటావిడ ఇది చదివేది" అని లేచి వెళ్లిపోయారు. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్లయింది.

అసలు ముగింపు ఏమిటో నేను చెప్పను. చదవనివారు ఈ సభలో ఉన్నారు. ఆఖరి పేజీ చదివి పుస్తకం మూశాక మా ఆవిణ్ణి "ఎలా ఉంది?" అని అడిగాను. "బాగానే ఉంది. కాని నా ముగింపే నాకు బాగుంది" అంది. ఆ మాట సులోచనారాణి గారికి చేరి ఉంటే ఆవిడ కోప్పడేవారు కాదనే నా నమ్మకం.

ఇది గొప్ప సాహిత్యమా అని విమర్శకులు అడగవచ్చు, అడగాలి కూడా. నేను గుమాస్తాను, ఆ తీర్పు నా పరిధిలోది కాదు. నాకు తెలిసింది ఇంతే. రోజంతా చాకిరీ చేసే నలుగురు ఆడవాళ్లకు ఆ గంట సొంత గంట. దాన్ని నేను అయిదు రూపాయలకు వెనక్కు తెచ్చాను.

నా మనవి ఒకటే. జీవన ప్రమాణ పత్రం మనం ఏటా ఇస్తూనే ఉన్నాం. ఇంటికి వెళ్లాక ఇంట్లో వారిని "నువ్వు చదవడం ఎక్కడ ఆపేశావు?" అని ఒక్కసారి అడగండి. ఆ పుస్తకం తెచ్చి పెట్టండి. కళ్లు ఆనకపోతే మీరు చదివి వినిపించండి. మనకిప్పుడు ఆఫీసుకు వేళ మించిపోయేది ఏమీ లేదు. మా ఇంట్లో 'సెక్రటరీ' మొదలైంది. చారు నేనే చూసుకుంటున్నాను. ఇప్పటికి రెండుసార్లు మాడింది.