పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు

పట్టాలు పుచ్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అభినందనలు.

ధనుర్మాసంలో ముమ్మిడివరం వీధుల్లో ఓ మాట వినపడుతుంది: “పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందుచుక్క.” అమ్మ పక్కింటి పిన్నిగారికి చెప్పిన ఆ మూడు ముక్కలూ నా లెక్కలో ప్రోగ్రామే. 169 చుక్కలు ఎక్కడెక్కడ పడాలో అందులోనే తేలిపోయింది. కూడి చూసుకోండి, ఇంజనీర్లయ్యారుగా! మన ముగ్గుకు తోబుట్టువైన తమిళ కోలం వ్యాకరణం మీద మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఆచార్యుడు గిఫ్ట్ సిరోమణి, సహచరులతో కలిసి 1974లోనే పరిశోధన వ్యాసం వేశారు.

నాదీ అలా నియమాలు రాసి, పెన్ ప్లాటర్‌తో బొమ్మలు గీయించే పని. రెండు మోటార్లు పెన్నును నిలువుగా, అడ్డంగా జరుపుతాయి. ఇంకో బుల్లి మోటారు ఎత్తి దించుతుంది. ఒకప్పుడు ఆఫీసుల్లో ప్లాన్లు గీసి, ఇంక్‌జెట్లు వచ్చాక మూలపడిన ఈ యంత్రాన్ని చిత్రకారులు మళ్లీ దుమ్ము దులిపి బయటికి తీశారు. ప్రింటరు చుక్కలు చల్లుతుంది, ఇది గీత గీస్తుంది.

బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి వేరా మోల్నార్ 1968లో కంప్యూటర్ పట్టకముందు, ఏళ్ల తరబడి తానే యంత్రమైనట్టు నియమాలు రాసుకుని చేత్తో గీశారు. తర్వాత పొందికైన చతురస్రాల్లోకి నూటికో పాలు గందరగోళం వదిలారు. నూరేళ్లకు నెల తక్కువగా, 2023లో కన్నుమూశారు. ఇప్పుడొస్తున్న ప్లాటర్ బొమ్మల్లో చాలామట్టుకు నాకు నచ్చవు. ఎవరో రాసిన కోడ్, అవే అలలు, అవే సుడులు. ఒకటి చూస్తే వంద చూసినట్టే.

యంత్రం మాట వింటుంది గానీ సిరా వినదు. మన కోనసీమ చెమ్మకు కాగితం మెత్తబడి సిరా పాకుతుంది. నా మొదటి పెద్ద బొమ్మకు మూడు గంటలు పట్టింది. నేను టీకి వెళ్లిన సమయంలో రీఫిల్ అయిపోయింది. తిరిగొచ్చేసరికి యంత్రం ఉత్త పెన్నుతో ఎంతో శ్రద్ధగా గీస్తోంది! సిరా పాకే జబ్బుకు శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల దగ్గర పాత మందుంది: గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఆ గుడ్డ పరిచి, ప్లాటరుకు వెదురు కలం కట్టి చూడాలని నాకు ఆశ.

ఈ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ ముగ్గుల పుస్తకం అడగండి. ఆ ముగ్గులు గీయించడానికి నా పాత ప్లాటరును మీ ల్యాబుకు ఇచ్చి వెళ్తున్నాను. పెన్నులు మాత్రం మీరే కొనుక్కోవాలి.