క్లైవ్ సలివాన్ దారి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగ జీవితం గురించి ఓ పావుగంట మాట్లాడు, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. ముప్పై ఏళ్లుగా గాలిమరల కింద నిలబడి పైకి చూడడమే నా ఉద్యోగం. అందులో మెడనొప్పి తప్ప స్ఫూర్తి పెద్దగా లేదు. అందుకని ఆయన అనుమతితోనే ఇంకొకాయన ఉద్యోగ జీవితం గురించి చెబుతాను. ఆయన మన దేశంవాడు కాదు. ఆయన ఆడిన ఆటను ఈ హాల్లో చూసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆశ్చర్యమే. కాస్త ఓపిక పట్టండి, చివరికి మన బడి కబడ్డీ కోర్టు దగ్గరికే వస్తాను.

2017 జనవరిలో పని మీద ఇంగ్లండులో హల్ అనే ఊరికి వెళ్లాను. తూర్పు తీరాన రేవు పట్నం. ఒకప్పుడు చేపల పడవల మీద బతికిన ఊరు. ఇప్పుడు అక్కడ సముద్రంలో నిలబెట్టే గాలిమరలకు రెక్కలు తయారు చేస్తున్నారు. నేను వెళ్లిన నెలలోనే ఊరి నడిబొడ్డున, రాణిగారి విగ్రహం ఉన్న కూడలిలో 75 మీటర్ల రెక్క ఒకదాన్ని అడ్డంగా పెట్టారు, కళాఖండమని. ఆ ఆలోచన చేసిన కళాకారుడి పేరు నయన్ కులకర్ణి. పేరు చూసి నాకు కాస్త గర్వమనిపించింది, ఆయన నాకేమీ చుట్టం కాకపోయినా. ఆ 75 మీటర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మాంచెస్టర్‌లో విమానం దిగి టాక్సీ ఎక్కాను. హంబర్ వంతెన కింది నుంచి ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డు మీద ఒక బోర్డు కనిపించింది: క్లైవ్ సలివాన్ వే. ఎవరో మంత్రి అయ్యుంటాడనుకున్నాను. మన దగ్గర రోడ్డుకు పేరు పడాలంటే కనీసం మంత్రి అయినా అయ్యుండాలి కదా. డ్రైవరు పెద్దాయన, అరవై దాటినవాడు. అడిగితే, "రగ్బీ లీగ్ ఆటగాడు. మా ఊళ్లో రెండు జట్లకూ ఆడాడు" అన్నాడు. ఎన్ని కప్పులు గెలిచాడో చెప్పలేదు, దేశానికి కెప్టెనన్న సంగతీ ముందు చెప్పలేదు. రెండు జట్లకూ ఆడాడు అన్నాడు. ఆ రాత్రి హోటల్లో నిద్ర పట్టక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆపలేదు.

ముందు ఆట సంగతి. జట్టుకు పదమూడు మంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అవతలివాళ్లు పట్టు పడతారు. పడితే లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. అలా ఆరు పట్లు. ఆ లోపల గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. పట్టు, గీత ఈ రెండూ తెలిసినవాడికి ఈ ఆట సగం తెలిసినట్టే. కూత ఒక్కటే లేదు.

ఈ ఆట పుట్టిందే కూలి డబ్బుల తగాదాలో. ఉత్తర ఇంగ్లండులో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసేవాళ్లు శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించమని వాళ్ల క్లబ్బులు అడిగాయి. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందని దక్షిణాది పెద్దలు ఒప్పుకోలేదు. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. అటు మిగిలింది రగ్బీ యూనియన్, ఇటు వచ్చింది రగ్బీ లీగ్. లీగ్‌లో ఆడినవాడిని యూనియన్‌వాళ్లు మళ్లీ గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇది నూరేళ్లు సాగింది. పూట గడవడానికి ఆడినవాడు తక్కువవాడని నూరేళ్లు నమ్మారన్నమాట. ఈ మాట మళ్లీ అవసరం పడుతుంది.

క్లైవ్ సలివాన్ 1943లో వేల్స్‌లో, కార్డిఫ్ నగరంలోని స్ప్లాట్ అనే పేటలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. చిన్నప్పుడే కాళ్లకు, పాదాలకు, భుజాలకు ఆపరేషన్లు జరిగాయి. పెద్దయ్యాక మామూలుగా నడవగలిగితే చాలన్నట్టుగా ఉండేది పరిస్థితి. కొన్నాళ్లు మోటారు మెకానిక్‌గా పనిచేసి సైన్యంలో చేరాడు. అక్కడ ఒకరోజు రెజిమెంట్ల మధ్య రగ్బీ మ్యాచ్‌కు ఈయన పేరు రాశారు. వేల్స్‌వాడంటే రగ్బీ రాకపోదని లెక్క. నాకు కాళ్లు బాగాలేవని చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. నోరు మూసుకుని దిగాడు. చేతికి బంతి వచ్చింది, పరుగెత్తాడు, ఎవరూ అందుకోలేకపోయారు.

నా మట్టుకు నాకు ఆయన జీవితంలో ఇదే అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. కప్పులన్నీ తర్వాత. ఉద్యోగం కాపాడుకోవడానికి దిగినవాడు, తన కాళ్ల సంగతి తనే మొదటిసారి తెలుసుకున్నాడు.

బ్రాడ్‌ఫర్డ్ క్లబ్బు చూసి వద్దంది. 1961 డిసెంబరులో హల్ ఎఫ్‌సీ క్లబ్బు పరీక్షించడానికి ఒక మ్యాచ్ ఆడించింది, అదీ మారుపేరుతో. ఆ మ్యాచ్‌లో మూడు ట్రైలు చేశాడు. వెంటనే సంతకం చేయించుకున్నారు. అప్పటి కోచ్ రాయ్ ఫ్రాన్సిస్ కూడా వేల్స్ నుంచి వచ్చిన నల్లజాతి మనిషే. ఆ రోజుల్లో కార్డిఫ్ నల్లజాతి కుర్రాళ్లు ఎంత బాగా ఆడినా వేల్స్ యూనియన్ జట్టుకు ఎంపికయ్యేవారు కాదు. 1980లు వస్తేగాని అది జరగలేదు. కాబట్టి వాళ్లు ఉత్తరానికి వలస వెళ్లేవారు. బిల్లీ బోస్టన్ విగన్‌కు వెళ్లాడు, సలివాన్ హల్‌కు వెళ్లాడు. మనవాళ్లు బతుకుతెరువుకు బొంబాయి, దుబాయి వెళ్లినట్టే.

1963లో కారు ప్రమాదంలో చావు తప్పింది. తేరుకుని కొద్ది నెలల్లోనే మళ్లీ మైదానంలోకి వచ్చాడు. మోకాళ్లకు ఆపరేషన్లు ఎన్నో. అయినా హల్ ఎఫ్‌సీకి 352 మ్యాచ్‌లలో 250 ట్రైలు. 1972లో గ్రేట్ బ్రిటన్ జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ కప్ ఆడాడు. ఏ ఆటలోనైనా బ్రిటన్ జాతీయ జట్టుకు మొదటి నల్లజాతి కెప్టెన్ ఈయనే. ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టులో ఒక నల్లజాతి ఆటగాడు మామూలు సభ్యుడిగా అడుగుపెట్టింది 1978లో. చూడండి, ఏ ఆటను తక్కువగా చూశారో ఆ ఆటే ముందుంది.

ఫైనల్ ఫ్రాన్సులోని లియాన్ నగరంలో, ఆస్ట్రేలియాతో. చూడడానికి వచ్చింది 4,231 మంది. మన ఊరి తిరునాళ్లకు ఇంతకంటే ఎక్కువ వస్తారు. చేతికొచ్చిన బంతితో సలివాన్ మైదానంలో చాలా దూరం పరుగెత్తి ట్రై చేశాడు. సుమారు 75 మీటర్లు. హల్ కూడలిలో రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు నేను నడిచి చూశాను, నూటికి పైగా అడుగులు పట్టింది. అంత దూరం, వెనక ఆస్ట్రేలియావాళ్లు తరుముతుంటే, నడవలేడనుకున్న కాళ్లతో. మ్యాచ్ 10-10తో సమమైంది, అదనపు సమయం తర్వాతా అంతే. అంతకుముందు మ్యాచ్‌ల ఫలితాల లెక్కన కప్పు బ్రిటన్‌కు వచ్చింది. ఆయన ఆ పోటీలో ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ ట్రై చేశాడు.

ఇక అసలు సంగతి. హల్ ఊరిని ఒక నది రెండుగా చీలుస్తుంది. పడమట హల్ ఎఫ్‌సీ, నలుపు తెలుపు. తూర్పున హల్ కింగ్‌స్టన్ రోవర్స్, ఎరుపు తెలుపు. పడమటివాళ్లు కొందరు, ఎరుపు తెలుపు చారలుంటాయని పంది మాంసం ముక్క కూడా ముట్టరని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో, పదమూడేళ్లు పడమట ఆడినవాడు 1974లో నది దాటి రోవర్స్‌లో చేరాడు. అక్కడా 213 మ్యాచ్‌లు, 118 ట్రైలు. 1980లో వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్‌కు ఈ రెండు జట్లే వచ్చాయి. ఊరు ఊరంతా లండన్ బయలుదేరింది. ఊరు దాటే రోడ్డు మీద "ఆఖర్న వెళ్లేవాళ్లు దీపాలు ఆర్పేయండి" అని ఎవరో బోర్డు పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రోవర్స్ 10-5తో గెలిచింది. సలివాన్ గెలిచిన జట్టులో ఉన్నాడు, 37 ఏళ్ల వయసులో, తన పాత జట్టు మీద.

తర్వాత ఓల్డమ్‌కు ఆడాడు, డాన్‌కాస్టర్‌కు ఆడాడు, మళ్లీ హల్ ఎఫ్‌సీకే వచ్చాడు. 1982 ఛాలెంజ్ కప్ ఫైనల్ సమమై మళ్లీ ఆడాల్సి వస్తే, 39 ఏళ్ల ఈయన్ను పిలిచి దింపారు. గెలిచారు. అంటే ఒకే ఊళ్లో రెండు జట్లతోనూ అదే కప్పు.

1985లో క్యాన్సర్‌తో పోయాడు. 42 ఏళ్లు. ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డుకు ఆయన పేరు పెట్టారు, దీపాలార్పమన్న బోర్డు కథలో ఉన్న రోడ్డే అది. తూర్పువాళ్లు మావాడన్నారు, పడమటివాళ్లు మావాడన్నారు. పుట్టిన కార్డిఫ్‌లో విగ్రహం 2023లో గాని లేవలేదు. "పార్టీ మార్చాడని కోపం రాలేదా?" అని టాక్సీ డ్రైవరునే అడిగాను, తిరుగు ప్రయాణంలో కూడా ఆయనే వచ్చాడు. "అది ఆయన పని కదా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ మాట నాకు విమానంలో కూడా మింగుడు పడలేదు. ఎందుకో చెబుతాను.

మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. పేరు ఇప్పుడు చెప్పను. 1982లో మన బడి తాలూకా కబడ్డీ కప్పు గెలిచిందంటే వాడి కూత వల్లే. హెడ్మాస్టరు గారి గదిలో ఫొటో ఇప్పటికీ ఉంది, కుడి నుంచి రెండోవాడు, చొక్కా గుండీలు లేనివాడు. తొమ్మిది అయ్యాక వేసవిలో పట్నంలో ఇంకో బడివాళ్లు వచ్చి వాడిని తీసుకెళ్లారు. పదో తరగతిలో మనమీదే ఆడి మనల్ని ఓడించాడు. మరునాడు పొద్దున వాడి ఇంటి మట్టిగోడ మీద బొగ్గుతో "ద్రోహి" అని రాసి ఉంది. రాసింది నేను. ఎవరూ నన్ను పట్టుకోలేదు, ఒక్క డ్రిల్లు మాస్టారు తప్ప. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. తడిగుడ్డ చేతికిచ్చి తీసుకెళ్లి, తుడిచేదాకా పక్కన నిలబడ్డారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో.

హల్ నుంచి వచ్చాక వాడిని వెతుక్కుంటూ వెళ్లాను. పక్క ఊళ్లో రైసు మిల్లు దగ్గర లారీల కాటా చూస్తున్నాడు. టీ తాగాం. గోడ సంగతి నేనే ఎత్తాను. కాసేపు లారీల వైపు చూసి, "అక్కడ హాస్టల్లో రాత్రి కూడా అన్నం పెట్టేవాళ్లురా" అన్నాడు. వాళ్లింట్లో రాత్రి పొయ్యి వెలగని రోజులుండేవని పక్క బెంచీలో నాలుగేళ్లు కూర్చున్న నాకు తెలియదు. ఈ స్వర్ణోత్సవానికి రమ్మన్నాను. "నేను మీ బడివాణ్ణి కాదుగదరా" అన్నాడు.

నిబంధనల ప్రకారం వాడన్నది నిజమే. ఇక్కడ పది పాసైనవారికే మన సంఘంలో సభ్యత్వం. ఆ నిబంధన పెట్టిన సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

కార్యదర్శి గారూ, ఇది సభ్యత్వ ఫారం. వాడితో సంతకం చేయించి తెచ్చాను, నాలుగుసార్లు తిరిగితేగాని పెట్టలేదు. "ఉత్తీర్ణులైన సంవత్సరం" అన్నచోట కొట్టేసి "చదివిన సంవత్సరాలు: 1979 నుంచి 1983" అని నేనే రాశాను. ప్రతిపాదిస్తున్నవారి సంతకం నాది. బలపరిచేవారి గడి ఒక్కటి ఖాళీగా ఉంది. డ్రిల్లు మాస్టారూ, మీరు లేవకండి, నేనే కిందికి వస్తున్నాను. మీ దగ్గర పెన్నుందా?