నాకంటే ముందే అక్కడున్నాడు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



విదేశంలో నా అనుభవాల గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను కట్టిన రోడ్లు, వంతెనల గురించి చెబితే మీకు నిద్రొస్తుంది. అందుకని, ఇరవైరెండేళ్ళ వయసులో దేవుడు నన్నెలా కాపాడాడో చెబుతాను. ఇక్కడ అన్ని మతాలవాళ్ళమూ ఉన్నాం. ఇది బోధ కాదు. నేను ఇంకా తీర్చని ఒక అప్పు సంగతి.

మా నాయన కుప్పంలో రైల్వే గ్యాంగ్‌మన్. మా అవ్వది పుంగనూరు. వయసులో ఉన్నప్పుడు మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసింది. ఆమె పట్టుబట్టడం వల్లే నన్ను ఇక్కడి హాస్టల్లో చేర్చారు. సెలవులకు బస్సెక్కి, పుంగనూరులో అవ్వ దగ్గర ఒక రాత్రి ఆగి, రాగిసంగటి, చెనిగ్గింజల ఊరిబిండి తిని, మర్నాడు పలమనేరు మీదుగా కుప్పం చేరేవాణ్ణి. పదో తరగతి దాకా నా ప్రపంచం ఆ మూడు ఊళ్ళే.

డిప్లొమా అయ్యాక బెంగళూరులో రెండేళ్ళు పనిచేశాను. 1990 జనవరిలో కువైట్ వీసా వచ్చింది. ఏజెంటుకు కట్టడానికి నాయన అప్పు చేశాడు, అమ్మ కమ్మలు కుదువ పెట్టింది. సెలవు తీసుకోవడానికి పోతే అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి, "యాడికి పోయినా నీకంటే ముందే దేవుడు ఆడుంటాడు నాయనా, బయపడొద్దు" అనింది. నేను నవ్వి ఊరుకున్నాను.

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ రోజే ఆరాధన. తెలుగువాళ్ళం పదిమందిమి ఒక గదిలో చేరి పాటలు పాడుకుని, పప్పూ అన్నం తినేవాళ్ళం. మిగిలిన ఆరు రోజులు ఎండ, సిమెంటు, అరబ్బీ కేకలు. ఆ గదే లేకపోతే నేను రెండో నెలలోనే తిరిగొచ్చేసేవాణ్ణి.

ఆగస్టు 2, గురువారం. తెల్లవారుజామున ఫిరంగుల మోత విని లేచాం. మధ్యాహ్నానికి నగరం ఇరాక్ సైన్యం చేతిలో ఉంది. మా యజమాని అప్పటికే దేశం దాటాడు. మా పాస్‌పోర్టులు అతని బీరువాలో ఉండిపోయాయి. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. నేను కూడబెట్టిన దినార్లు చిత్తుకాగితాలతో సమానం అయ్యాయి. కుప్పంలో నాయన డ్యూటీ దిగి నేరుగా టీకొట్టుకు పోయి రేడియో వార్తలు వినేవాడని తర్వాత తెలిసింది.

ప్రార్థించానా అంటే, ప్రార్థించాను. కానీ నిజం చెప్పాలి. ఆ నెల రోజుల్లో నాకు ఏ స్వరమూ వినబడలేదు. 121వ కీర్తన కంఠతా వచ్చు. దాన్ని చెప్పుకుంటున్నప్పుడు నా కళ్ళకు హార్స్‌లీ కొండలు కనబడేవి. కళ్ళు తెరిస్తే ఇసుక.

సెప్టెంబరు మొదట్లో, పాస్‌పోర్టుకు బదులు మన ఎంబసీవాళ్ళు ఇచ్చిన కాగితం పట్టుకుని బస్సెక్కాను. ఎటు తీసుకుపోతున్నారో బస్సులో సగంమందికి తెలియదు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అప్పుడు మన సోషల్ అయ్యవారు గుర్తొచ్చారు. పశ్చిమాసియా పటం తప్పు గీసినందుకు నాతో పదిసార్లు గీయించారు. ఒక అట్టముక్క తీసుకుని కువైట్, బాస్రా, బాగ్దాద్, అమ్మాన్ గీసి, "ఇదీ మన దారి. అమ్మాన్‌లో మన విమానం ఉంటుంది" అని చెప్పాను. ఆ అట్ట చేతులు మారుతూ బస్సంతా తిరిగింది. అయ్యవారూ, మీరు ముందు వరుసలోనే ఉన్నారు. ఆ పది పటాలకు ఈరోజు కృతజ్ఞతలు చెబుతున్నాను.

నా పక్క సీటులో రాయచోటి వైపు అక్క ఒకామె కూర్చుంది. ముస్లిం. ఎవరింట్లోనో వంటపని చేసేది. పిల్లలు ఊళ్ళో ఉన్నారు. నా యాస విని, "మదనపల్లోడివా తమ్ముడూ?" అని పలకరించింది. చీరకొంగులో కట్టుకున్న ఖర్జూరాలు సగం నాకిచ్చింది.

ఇరాక్, జోర్డాన్ సరిహద్దు దగ్గర ఎడారిలో ఆపేశారు. వేలమంది జనం. పగలు నిప్పులు, రాత్రి చలి. నీళ్ళ ట్యాంకరు వస్తే తొక్కిసలాట. మూడో రోజు నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. లేవలేకపోయాను. "ఒక దేవదూతను పంపు ప్రభువా" అని గొణిగాను. సాయంత్రం అక్క వచ్చింది. నీళ్ళకోసం రెండుసార్లు వరుసలో నిలబడిందట, తనకొకసారి, నాకొకసారి. రెండో డబ్బాలో ఉప్పు, చక్కెర కలిపి తాగించింది. అలా నాలుగు రోజులు చేసింది. వేళకు తన నమాజు చేసుకునేది, నన్ను నా ప్రార్థన చేసుకోమనేది. రెండు నెలల్లో లక్షమందికి పైగా భారతీయులను అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో తీసుకొచ్చారని పుస్తకాల్లో చదువుతాం. ఆ లక్షలో నేనొకణ్ణి. కానీ విమానం దాకా నన్ను బతికించింది ఆ డబ్బాడు నీళ్ళే.

అమ్మాన్ విమానాశ్రయంలో పేర్లు పిలిచారు. నా పేరు ముందొచ్చింది. "పో తమ్ముడూ, మీ అమ్మ చూస్తుంటుంది" అని అక్క నన్ను ముందుకు తోసింది. పరుగెత్తాను. ఆమె ఊరు పేరు కూడా అడగలేదు. దేవుడు నా మొర విన్నాడని విమానంలో కన్నీళ్ళు కార్చిన నాకు, ఆయన పంపిన మనిషి చిరునామా రాసుకోవాలన్న బుద్ధి లేకపోయింది. తర్వాత రాయచోటిలో, చుట్టుపక్కల పల్లెల్లో చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

బొంబాయి నుంచి బెంగళూరు, అక్కడి నుంచి కుప్పం. నాయన ప్లాట్‌ఫారం మీద నన్ను గుర్తుపట్టలేదు. అంత చిక్కిపోయాను.

అప్పు తీర్చాలి కదా. యుద్ధం ముగిశాక 1992లో మళ్ళీ కువైట్ పోయాను. ఒకరోజు సముద్రం ఒడ్డు రోడ్డులో ఒక పాత భవనం చూసి, అదేమిటని మా సంఘ పెద్దను అడిగాను. అమెరికన్ మిషన్ ఆస్పత్రి అన్నారు. 1914లో కట్టారు, 1967లో మూసేశారు. కువైట్ చమురు మొదటిసారి ఓడకెక్కింది 1946లో. అంటే ముత్యాలకోసం సముద్రంలో మునిగే బీదవాళ్ళ కాలంలోనే అక్కడ వైద్యం చేశారన్నమాట. ఎవరు పంపారని అడిగితే, అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. మన మదనపల్లెకు, పుంగనూరుకు ఆర్కాటు మిషన్‌ను పంపినదీ ఆ చర్చే. 1908లో మదనపల్లెలోనే కన్నుమూసిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ ఆ మిషన్ మనిషే. ఆర్కాటు మిషన్‌ను మొదలుపెట్టిన స్కడ్డర్ల కుటుంబంలోని డాక్టర్ లూయిస్ స్కడ్డర్ కువైట్ ఆస్పత్రిలో ఎన్నో ఏళ్ళు పనిచేశారు. అవ్వ బట్టలుతికిన మంచాలు, ఈ గోడల వెనకున్న మంచాలు ఒకే ఇంటివి. "నీకంటే ముందే ఆడుంటాడు" అన్న అవ్వ మాట అప్పుడు అర్థమైంది. ఆ సంగతి చెబుదామని పుంగనూరుకు ఉత్తరం రాశాను. అది చేరేలోపే ఆమె పోయింది.

ఒక ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ ఎడారిలో ఇల్లు చేరనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ ప్రార్థించే ఉంటారు. నన్ను కాపాడిన దేవుడు వాళ్ళనెందుకు కాపాడలేదని ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను. జవాబు తెలియకపోయినా నమ్ముతున్నాను. "దేవుడు నన్ను కాపాడాడు" అన్న మాటను గొప్పగా చెప్పుకోకూడదని మాత్రం తెలిసింది. దాన్ని తల వంచుకునే చెప్పాలి.

చివరగా మన సంఘానికి ఒక మనవి. ఈ మూడు ఊళ్ళ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఈనాటికీ గల్ఫ్‌కు పోతున్నారు. ఎక్కువమంది ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. పోయేముందు వాళ్ళ కాగితాలు చదివి చెప్పడానికి, పాస్‌పోర్టు నకలు తీసి ఇంట్లో ఉంచమనడానికి, ఎంబసీ నంబరు రాసివ్వడానికి నెలకొక ఆదివారం మన పాఠశాలలో ఒక గది తెరుద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది. ఆదివారం ఆరాధన ముగించుకుని నేనే వచ్చి కూర్చుంటాను.

ఆ అక్క ఇప్పుడు బతికుంటే డెబ్బై దాటి ఉంటుంది. ఎప్పుడైనా ఆమె మనవరాలు ఆ గదిలోకి కాగితాలు పట్టుకుని రావచ్చు. నేను గుర్తుపట్టలేను. అందుకే వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు మంచినీళ్ళు ఇస్తాను.