టీడీఎస్ మీటర్‌కి దొరకని విషం

ఒకప్పుడు నేను కూడా నీళ్లలో టీడీఎస్ మీటర్ ముంచి, నంబర్ తక్కువ వస్తే హమ్మయ్య అనుకునేవాడిని. అది ఎంత పొరపాటో ఇవాళ చూద్దాం.

తాగే నీళ్లలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ఆర్సెనిక్‌కీ అదే హద్దు. మన మీటర్ చూపించేది మొత్తం లవణాల లెక్క. అందులో అతి చిన్న అంకె 1. అంటే హద్దుకు పది రెట్లు సీసం ఉన్నా దానికి తెలియదు. పోనీ మరిగిస్తే? క్రిములు చస్తాయి, లోహం మాత్రం పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

బంగ్లాదేశ్ ప్రజలు చెరువు నీళ్లలో రోగాలున్నాయని ఊరూరా బోరింగులు వేసుకున్నారు. నీళ్లు తేటగా వచ్చాయి. కానీ వాటిలో ఆర్సెనిక్ ఉందని 1990లలో బయటపడింది. పరీక్షలు చేసి, ప్రమాదమైన పంపులకు ఎరుపు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చూడటానికి రెండింటి నీళ్లూ ఒకటే!

మరి దాన్ని తీసేదెలా? నీళ్లలో కరిగిన లోహం మామూలు జల్లెడకు ఆగదు. దేనికైనా అతుక్కోవాలి. అతుక్కోవడానికి చాలా చోటు కావాలి. ఆ చోటు సన్నటి రంధ్రాల్లో ఉంటుంది. ఒక్క గ్రాము యాక్టివేటెడ్ కార్బన్ లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు 1000 చదరపు మీటర్లు! అయితే ఏ గోడ ఏ లోహాన్ని పట్టుకుంటుందన్నది ముఖ్యం. ఆర్సెనిక్‌కి ఇనుప తుప్పు అంటే భలే ఇష్టం. కుష్టియాకు చెందిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ ఇనుము, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలతో సోనో ఫిల్టర్ చేశారు. 2007లో దానికి 10 లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి వచ్చింది.

ఇంకో రకం మోఫ్‌లు. లోహాన్నీ కర్బన అణువుల్నీ అల్లి కట్టిన రంధ్రాల పదార్థాలు. 2025 రసాయన నోబెల్ వీటికే. గోడలకు గంధకం తగిలిస్తే పాదరసాన్ని గట్టిగా పట్టుకుంటాయి. కొన్ని యూవీ లైట్ కింద మెరుస్తాయి. లోహం వచ్చి చేరగానే ఆ మెరుపు తగ్గుతుంది. అంటే పట్టుకునేదీ అదే, పట్టించేదీ అదే! కాకపోతే ఈ పని ఇంకా ఎక్కువగా ల్యాబుల్లోనే జరుగుతోంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫిల్టర్ లోహాన్ని మాయం చేయదు, దాచి ఉంచుతుంది. చోటు నిండాక వచ్చేదాన్ని వచ్చినట్టే వదిలేస్తుంది. అందుకే టైమ్‌కి మార్చండి. ఇంట్లో బోరు నీళ్లు తాగుతుంటే, ఒక్కసారైనా ల్యాబ్‌కి ఇచ్చి "లోహాల పరీక్ష కూడా చేయండి" అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!