కోపవేళ మెలకువ
(దంపతుల కూటములో చేసిన ప్రసంగము)



గృహ దర్శనములలో మేము తరచుగా వినుమాట ఒకటి కలదు: “మేము పోట్లాడుకోము అయ్యగారూ, అసలు మాట్లాడుకోవడమే మానేశాము.” ఇది సమాధానము కాదు. దంపతుల మధ్య భేదాభిప్రాయములు రాక మానవు. అవి వచ్చినప్పుడు ఒకరినొకరు విడువకుండుటయే మనము నేర్వవలసినది.

అందుకు తోడ్పడు అభ్యాసము మెలకువ. ఈ క్షణమున మన దేహములో, మనస్సులో ఏమి జరుగుచున్నదో తీర్పు తీర్చక గమనించుటయే అది. బౌద్ధ ధ్యానమునుండి వచ్చిన ఈ అభ్యాసమును 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ రోగులకు శిక్షణగా రూపొందించెను. తరువాత జేమ్స్ కార్సన్, ఆయన సహచరులు దానిని దంపతులకు అనువుగా మలచి, 44 జంటలతో చేసిన పరిశోధనను 2004లో ప్రచురించిరి. ఎనిమిది వారముల శిక్షణ పొందినవారిలో అన్యోన్యత పెరిగెను. అయితే వారు అప్పటికే సఖ్యముగా ఉన్నవారని మరువరాదు. మెలకువ అను మాట మనకు క్రొత్తది కాదు. గెత్సెమనేలో ప్రభువు శిష్యులను కోరినది అదియే గదా!

ఒక ఉదాహరణ చూతము. జీతము అందిన రోజున భర్త ఇంటిలో చెప్పకుండ తమ్మునికి డబ్బు పంపెను. “ఏమండీ, మరి పాప ఫీజు సంగతి?” అని భార్య అడిగెను. ఆమె అడిగినది ఫీజు గూర్చి; ఆయన చెవికి సోకినది “నీవు చేతకానివాడవు” అని. ఆయన గొంతు హెచ్చెను. ఆమె పుట్టింటి మాట ఎత్తెను. ఆమె కోపము క్రింద నున్నది తనను లెక్కచేయలేదను బాధ. ఆయన కోపము క్రింద నున్నది సిగ్గు. రెండును బయటికి రాలేదు.

దంపతుల సంభాషణలను ఏండ్ల తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్ చెప్పునదేమనగా, వాదనలో గుండె నిమిషమునకు 100 సార్లకు మించి కొట్టుకొనునప్పుడు ఎదుటివారి మాట సరిగా వినలేము. అది శాంతించుటకు కనీసము 20 నిమిషములు పట్టును.

కాబట్టి దవడ బిగిసినప్పుడు, ఊపిరి వేగమైనప్పుడు దానిని గుర్తింతము. “నాకు కోపముగా ఉన్నది, అరగంట తరువాత మాట్లాడుకుందాము” అని చెప్పి లేతము. చెప్పకుండ లేచిపోవుట శిక్షించుటయే అగును. ఆ అరగంటలో తిరుగు జవాబులు కూర్చుకొనక, ఊపిరిని గమనింతము. చెప్పిన వేళకు తప్పక తిరిగి వత్తము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు కోపమునకు సూర్యాస్తమయమును గడువుగా పెట్టెను గదా! అప్పుడు ఒకరు చెప్పినది మరియొకరు తమ మాటలలో తిరిగి చెప్పి, “అదేనా నీ భావము?” అని అడుగవలెను.

ఒక హెచ్చరిక. చేయి చేసికొను భర్తను సహించుటకు ఇది సాధనము కాదు. దెబ్బలున్నచోట మొదట కావలసినది రక్షణ. 2005 నాటి గృహహింస చట్టము అందుకే ఉన్నది. “ఓర్చుకో అమ్మా” అని మాత్రము చెప్పి పంపుట సంఘమునకు తగదు.

కోపము లేని దినమున, భోజనమైన పిమ్మట, అయిదు నిమిషములు ఇరువురు మౌనముగా కూర్చుండి ఊపిరిని గమనించుటతో ఆరంభింతము. నిమ్మళమైన వేళ అలవరచుకొననిది తుఫాను వేళ చేతికి రాదు. ఈ రాత్రియే మన యిండ్లలో మొదలుపెట్టుదము.